ఆ ఏడు కట్టని చందా

తప్పు నాది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. కథ చివరిదాకా దాచిపెట్టుకునే ఓపిక ఈ వయసులో నాకు లేదు.

మా తమ్ముడు డెల్బర్ట్‌కి అక్షరాలు నిలవవు. కాగితం మీద చీమల్లా పాకుతాయంటాడు. బళ్ళో వాణ్ణి మొద్దన్నారు గానీ వాడు మొద్దు కాదు. పాడైన తుపాకిని చేత్తో తడిమి ఎక్కడ అరిగిందో చెప్పగలడు. మా అమ్మ మమ్మల్ని వదిలి పిట్స్‌బర్గ్ బస్సెక్కిన ఏడాది నాకు పదమూడు, వాడికి ఏడు. నేను బడి మానేసి ఇల్లు చూసుకున్నాను. నెలకు రెండుసార్లు వచ్చే పుస్తకాల వ్యాను దగ్గర నిలబడి చదవడం మరిగాను. అప్పటినుంచి వాడికొచ్చిన ప్రతి కాగితమూ నేనే చదివి వినిపించాను. పెళ్ళి లైసెన్సూ, ఫ్యాక్టరీ మూసేస్తున్నామన్న నోటీసూ, వాడి భార్య రోవీనా పోయినప్పుడు ఆసుపత్రివాళ్ళు పంపిన ఉత్తరమూ అన్నీ నా నోటిమీదుగానే వాడికి చేరాయి.

రోవీనా పోయాక వాడికి వారంలో రెండే రోజులు మిగిలాయి. గురువారం సాయంత్రం ఆ వారం ఉత్తరాలన్నీ రొట్టెల సంచిలో వేసుకుని మా ఇంటికి వచ్చేవాడు. శనివారం పొద్దున టానర్స్ రన్ రైఫిల్ క్లబ్బుకి పోయేవాడు. నలభై ఒక్క ఏళ్ళుగా అందులో సభ్యుడు. ఈమధ్య పెద్దగా కాల్చేవాడు కాదు. కాఫీ పెట్టేవాడు, గురి బల్లలకు మేకులు కొట్టేవాడు, ఓరిన్ పక్కన కూర్చునేవాడు.

ఓరిన్ ఆ క్లబ్బు కార్యదర్శి. తొమ్మిదేళ్ళ వయసు నుంచీ వీళ్ళిద్దరూ ఒకటే. ఓరిన్ ముప్పై ఏళ్ళు బొగ్గు గనిలో చేశాడు, ఆ బొగ్గంతా ఊపిరితిత్తుల్లో మిగిలింది. ఆ శీతకాలానికి ముక్కులో గొట్టాలు పెట్టుకుని, చక్రాల మీద చిన్న ఆక్సిజన్ సిలిండర్ ఈడ్చుకుంటూ తిరిగేవాడు. వచ్చే ఎండాకాలం చూస్తాడన్న ఆశ డాక్టర్లకు లేదు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఓరిన్‌కి అందరికంటే బాగా తెలుసు.

ఆ నవంబరులో ఒక గురువారం సంచిలోంచి రెండు ఉత్తరాలు తీశాను. మొదటిది అలెఘెనీ తుపాకిదారుల సమాఖ్య నుంచి వచ్చింది. ఎర్ర అక్షరాలు, చివర సంతకం, సంతకం కింద మళ్ళీ ఎర్ర అక్షరాలు.

"ఏమంటున్నారు పెద్దమనుషులు?" అన్నాడు డెల్బర్ట్, బీన్స్ సూపులో రొట్టె ముంచుకుంటూ.

"చందా గడువు అయిపోతోందట. కట్టకపోతే రేపే ప్రభుత్వం వచ్చి నీ తుపాకి లాక్కుపోతుందట."

"పోయినేడూ రేపే అన్నారు."

"వీళ్ళ రేపు ఎప్పటికీ రాదురా. చందా కాగితం మాత్రం ఠంచనుగా వస్తుంది."

వాడు నవ్వాడు. ఆ నవ్వు నాకు ప్రోత్సాహమైంది. అదే వారం పేపర్లో ఆ సమాఖ్య అధ్యక్షుడి గురించి చదివాను. అద్దె విమానాలు, కుట్టించుకున్న సూట్లు, సముద్రం ఒడ్డున హోటల్ గదులు, అన్నీ సభ్యుల చందాల్లోంచే. ఆ పేపరు తీసి వాడికి మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను.

రెండో ఉత్తరం చిన్న కవరు. మూడు కౌంటీల అవతల ఒక నర్సు ఉంది. రాత్రి డ్యూటీ నుంచి ఒంటరిగా ఇంటికి వస్తుంది. పాత మొగుడు వెంటపడుతున్నాడని పిస్తోలు లైసెన్సు అడిగితే, అదే పేరున్న ఇంకెవరిదో పాత కేసు ఆమె నెత్తిన రుద్ది కాదన్నారు. ఆమె తరఫున కోర్టుకెళ్ళిన వకీలు నేరుగా విరాళాలు అడుగుతున్నాడు. ఉత్తరంలో ఎర్ర అక్షరం ఒక్కటి లేదు.

"ఆ సూటువాడి దర్జీకి పోయే డబ్బు ఈ పిల్లకి పంపు," అన్నాను. "తుపాకి హక్కు కోసమే కదా నువ్విచ్చేది. మధ్యలో దళారి ఎందుకు?"

"ఓరిన్ ఏమంటాడో."

"ఓరిన్‌కి చెప్పి చేయాలా? నీ డబ్బు, నీ మనసు."

వాడు రొట్టె ముక్కతో గిన్నె తుడిచాడు. "నువ్వు చదివావుగా అంతా, అక్కా," అన్నాడు.

చదివాను. ఇంట్లోకి వచ్చిన కాగితాలన్నీ చదివాను. క్లబ్బు గోడకు మేకులతో కొట్టిన రెండు కాగితాలు మాత్రం చదవలేదు. అవి ఇంటికి రావు, నేను క్లబ్బుకి పోను.

ఆ గోడ మీద ఉన్నది ఇదీ, నాకు తర్వాత తెలిసింది. టానర్స్ రన్ నూటికి నూరు క్లబ్బు. అంటే అందులో ప్రతి సభ్యుడికీ, చందా కడితే వచ్చే ఆ ఏటి సమాఖ్య కార్డు ఉండి తీరాలి. బదులుగా రేంజికి, అంటే క్లబ్బువాళ్ళు తుపాకులు కాల్చే మైదానానికి, సమాఖ్య బీమా ఇస్తుంది. ఏటా ఫిబ్రవరి మొదటి శనివారం గేటు తాళం మారుస్తారు. కార్డు చూపినవాడికి కొత్త తాళంచెవి ఇస్తారు. ఆ రోజుకు కార్డు లేనివాడు సభ్యుడు కాడు, ఎన్నేళ్ళు కట్టినా సరే. తిరిగి రావాలంటే కొత్తవాడిలాగే దరఖాస్తు పెట్టుకోవాలి, ఇద్దరు సభ్యులు పూచీ పడాలి, ఏప్రిల్ సమావేశంలో ఓటు పడాలి.

డెల్బర్ట్‌కి ఇది తెలియదా అని అడుగుతారేమో. కార్డూ చెవీ సంగతి తెలుసు. కానీ నలభై ఏళ్ళుగా చెవి తనంతట తాను చేతికొచ్చింది. పైగా ఇచ్చేవాడు ఓరిన్. మిగతాది వాడు చదవలేడు, ఎవరూ చదివి చెప్పలేదు.

జనవరి చివర్లో ఓరిన్ మా వంటింటికి వచ్చాడు. గురువారం గనక డెల్బర్ట్ అక్కడే ఉన్నాడు. ఓరిన్ గుమ్మంలో నిలబడి సిలిండర్ వైపు చూపించాడు.

"ఏమ్మా ఆర్డిత్, నా కుక్కని లోపలికి తేవచ్చా, బయట కట్టెయ్యమంటావా?"

"తే. మొరక్కపోతే చాలు."

కూర్చుని ఊపిరి కూడదీసుకున్నాడు. కాఫీ ముట్టుకోలేదు. "ఒరేయ్ డెల్బర్ట్, సమాఖ్య నుంచి జాబితా వచ్చింది. నీ పేరు లేదు. పోస్టులో పోయిందా?"

"పోలేదు. కట్టలేదు."

"వచ్చే శనివారం తాళం మారుస్తున్నాం."

"తెలుసు."

"తెలిసి ఇట్లా కూర్చున్నావా? రేపు కట్టు. నేను ఫోన్ చేసి నంబరు రాయించుకుంటాను."

"ఆ సూటుగాడికి ఇవ్వనురా. నర్సుకి పంపాను, రెండింతలు పంపాను. అక్కే చదివింది."

ఓరిన్ నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ చూపులో. అదే ఈనాటికీ నన్ను పొడుస్తుంది. "సూటుగాడి సంగతి నాకు తెలియదనుకున్నావా ఆర్డిత్? రెండేళ్ళుగా వాడికి వ్యతిరేకంగా ఓటేస్తున్నాను. సభ్యుణ్ణి గనక వేస్తున్నాను. విరాళమిచ్చినవాడికి ఓటెక్కడిది? వాడికి థాంక్స్ కాగితం వస్తుంది, అంతే."

"నర్సుకి వకీలు కావాలి, నీ ఓటు కాదు," అన్నాను.

"కావాలి. ఇవ్వండి, నేనూ ఇస్తాను. కానీ రాజధానిలో చట్టం చేసేవాడు ఎంత పోగయిందని అడగడు, ఎంతమందిరా మీరు అని అడుగుతాడు. లెక్క తలకాయలది. వీడు ఒక తలకాయ తీసేశాడు." దగ్గు వచ్చింది. సర్దుకున్నాక మళ్ళీ అన్నాడు, "అయినా అది వదిలెయ్. తాళం సంగతి చూడు. నియమం నేను రాసింది. నా చేత్తో నేను..."

"అయితే ఇవ్వకు," అన్నాడు డెల్బర్ట్.

"నీ ముక్కు మీద అక్క కళ్ళజోడు పెట్టుకుని మాట్లాడుతున్నావు."

"నీ ముక్కులో సమాఖ్య గొట్టం ఉంది. వాళ్ళు వదిలితే నువ్వు పీలుస్తున్నావు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాక వాడి ముఖం చూస్తే తెలిసింది, వాడికీ తెలుసని. ఓరిన్ లేచాడు. గొట్టం కుర్చీకి చుట్టుకుంది, నేను విప్పబోతే చెయ్యి అడ్డంపెట్టాడు. తనే విప్పుకుని, "శనివారం రా," అని వెళ్ళిపోయాడు.

డెల్బర్ట్ వెళ్ళాడు. కార్డు లేకుండానే వెళ్ళాడు. అక్కడ జరిగింది నాకు తర్వాత వాడే చెప్పాడు, తల వంచుకుని. వరసలో నిలబడ్డాడు. బల్ల దగ్గరికి వచ్చాక ఓరిన్ అందరినీ అడిగినట్టే "కార్డు" అన్నాడు. వీడు జేబులోంచి నర్సు వకీలు పంపిన థాంక్స్ ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాడు. వెనకాల ఎవరో నవ్వి, "డెల్బర్ట్, దీంతో కాఫీ కూడా రాదయ్యా," అన్నారు. ఇంకొకరెవరో నవ్వారు. ఓరిన్ నవ్వలేదు. ఉత్తరం మడిచి తిరిగి వాడి చేతిలో పెట్టి, "తర్వాతివాళ్ళు," అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నాకు విడిపోవడాల భయం ఉంది. ఎవరు కారెక్కినా ఇక రారనిపిస్తుంది. వీళ్ళిద్దరికీ మిగిలింది ఒక్క చలికాలమని తెలిసి కూడా, మధ్యలో నేను ఒక కాగితం పెట్టాను.

సోమవారం డెల్బర్ట్‌కి చెప్పకుండా ఓరిన్ ఇంటికి పోయాను. తలుపు అతని భార్య లవోన్ తీసింది. ఓరిన్ సోఫాలో దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. ఆ పొద్దునే సమాఖ్యకి ఫోన్ చేసి డెల్బర్ట్ పేర చందా కట్టానని చెప్పాను.

"రెండు రోజులు ఆలస్యం, ఆర్డిత్," అన్నాడు. "ఇప్పుడు వాడు కొత్తవాడు."

"నీ చేతిలో పని. తేదీ దిద్దేయ్."

"పోయినేడు చిన్న కుర్రాళ్ళిద్దర్ని ఇదే కారణంతో తీసేశాను. వాళ్ళ నాన్నలు వచ్చి బతిమాలారు." అప్పుడు లవోన్‌ని దరఖాస్తు కాగితం తెమ్మన్నాడు. పూచీ పడేవారి పేర్లకు రెండు గీతలున్నాయి. మొదటి గీత మీద సంతకం చేశాడు. పూర్తి పేరు రాశాడు.

"ఇది తీసుకుపో. వాడు సంతకం చేయాల్సిన చోటు చూపించు. కానీ వాడే తెచ్చి నా చేతికివ్వాలి. నువ్వు తేకూడదు. తెస్తే చించేస్తాను."

"ఎందుకంత పంతం?"

"పంతం కాదమ్మా. వాడొకసారి ఈ గుమ్మం తొక్కాలి. కాగితం లేకపోతే వాడు ఏ సాకుతో వస్తాడు?"

ఆ మాట నేను డెల్బర్ట్‌కి అట్లాగే చెప్పాల్సింది. చెప్పలేదు. నేను చెప్పింది, "ఓరిన్ సంతకం చేశాడు, నువ్వు చెయ్, పట్టుకెళ్ళు," అని మాత్రమే. వాడికి వినబడింది వేరు.

"నన్నడక్కుండా అక్కడికి పోయావా?"

"పోయాను."

"నేను కొత్తవాడిలా దరఖాస్తు పెట్టుకోవాలా? ఆ రేంజిలో గుళ్ళాపే దిబ్బకి మట్టి మోసిందెవరు? వాడూ నేనూ. చేతి బళ్ళతో."

"అందుకే సంతకం చేశాడురా."

"చెవి ఇచ్చుంటే సంతకంతో పనేముంది?"

కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతంతో పెట్టుకున్నాడు. చించలేదు. అది చూసి నేను ఆశపడ్డాను. తర్వాతి గురువారం అడిగితే, "చూద్దాం," అన్నాడు. ఆపై గురువారం ఇంకా మంచు పడుతోంది గదా అన్నాడు. మార్చి మొదటి వారంలో, "అక్కా, వెళ్ళాక మొదట ఏమనాలి?" అని అడిగాడు. "ఏమీ అనక్కర్లేదు, కాగితం ఇవ్వు," అన్నాను. తల ఊపాడు. "ఆ గొట్టం మాట అన్నాను గదా," అన్నాడు. "వాడు మర్చిపోయుంటాడు," అన్నాను. "మర్చిపోడు. మేమిద్దరం ఏదీ మర్చిపోం."

వచ్చే సోమవారం వెళ్తానన్నాడు. శనివారం పొద్దున లవోన్ ఫోన్ చేసింది.

నేనే వెళ్ళి చెప్పాను. వాడు వాకిట్లో పిట్టలకు గింజలు పోస్తున్నాడు. నేను నోరు తెరవకముందే నా ముఖంలో చదివేశాడు. డబ్బాలో మిగిలిన గింజలన్నీ నెమ్మదిగా పోసి, మూత పెట్టి, "ఎప్పుడు?" అన్నాడు. తెల్లవారుజామున అని చెప్పాను. లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. గంటసేపు వాకిట్లో నిలబడ్డాను, తలుపు తీయలేదు.

చర్చిలో వెనక బల్ల మీద కూర్చున్నాం. లవోన్ ముందుకు రమ్మంది, వాడు పోలేదు. ఖననం అయ్యాక క్లబ్బు సభ్యులంతా రేంజికి బయలుదేరారు. అక్కడ ఆనవాయితీ ఒకటుంది. సభ్యుడు పోతే మిగిలినవాళ్ళు వరసలో నిలబడి, మట్టిదిబ్బలోకి ఒక్కొక్కరు ఒక్క గుండు కాలుస్తారు. కొత్తగా చేరినవాడు మొదట, పాతవాడు చివర. ఓరిన్ పోయాక అందరికంటే పాతవాడు డెల్బర్టే. కానీ ఫిబ్రవరి నుంచి వాడు సభ్యుడే కాడు.

దారిలో వాడు కోటు జేబులోంచి దరఖాస్తు తీశాడు. కింద వాడి సంతకం ఉంది. ఆ పొద్దున చేశాడట. అంత పొందికగా వాడు తన పేరు రాయడం నేనెప్పుడూ చూడలేదు.

గేటు దగ్గర వెండెల్ ఉన్నాడు, ఓరిన్ తర్వాత కార్యదర్శి పని చూస్తున్నవాడు. మంచి మనిషి. కారు ఆపగానే అద్దం దగ్గరికి వచ్చాడు.

"రా డెల్బర్ట్, నీకోసమే ఆగాను."

డెల్బర్ట్ దిగి కాగితం ఇచ్చాడు. వెండెల్ చదివాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇది ఏప్రిల్‌లో కదా... సరే. కానీ ఇందులో పూచీ సంతకం ఓరిన్‌ది."

"ఔను."

"పూచీ పడ్డవాడు ఓటు రోజున లేచి నిలబడి నీ తరఫున మాట్లాడాలి. అందుకని..." ఆగాడు. "ఏం పర్లేదు. ఓరిన్ పేరు మీద ఒక గీత కొట్టి పక్కన నా పేరు రాస్తాను. ఇదిగో, కలం ఇక్కడే ఉంది. రెండో సంతకం లోపల ఎవరైనా పెడతారు. ఇవాళ్టికి అతిథుల పుస్తకంలో రాసి లోపలికి రా. కాల్చనివ్వడానికి లేదు, బీమావాళ్ళు ఒప్పుకోరు. కానీ మాతో నిలబడొచ్చు."

వెండెల్ కలం మూత తీశాడు. కాగితాన్ని గేటు ఊచ మీద ఆనించాడు. డెల్బర్ట్ చెయ్యి ముందుకు చాచి, ఆ కాగితాన్ని మెల్లగా లాక్కున్నాడు. నాలుగు మడతలు పెట్టాడు.

"గీత కొట్టొద్దు," అన్నాడు.

"అది చెల్లదు గదయ్యా."

"తెలుసు. చెల్లకపోనీ."

"మరి ఎట్లా వస్తావు?"

"రాను, వెండెల్. మీరు పొండి. ఆలస్యమవుతుంది."

వెండెల్ నా వైపు చూశాడు, చెప్పమన్నట్టు. నేను చెప్పాను. కారు దిగి, వాడి చెయ్యి పట్టుకుని, "ఒరేయ్, అతిథి అని రాస్తే ఏం పోయింది, ఓరిన్ నిన్ను ఏ సాకుతోనైనా రమ్మన్నాడురా, ఆ మాట నాతో అన్నాడు, ఆ కాగితం నిన్ను ఇంటికి రప్పించడానికే," అని అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఐదు వారాల ముందు చెప్పాల్సిన మాట.

డెల్బర్ట్ నా చెయ్యి విడిపించుకున్నాడు.

"అట్లా అన్నాడా?"

"అన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

కాగితంలో ఉన్నది చెప్పడం ఒక్కటే నాకు అలవాటు, మనుషులు అన్నది చెప్పడం రాదు. అది జవాబు కాదు.

వాడు కారెక్కి తలుపు వేసుకున్నాడు. వెండెల్ గేటుని దగ్గరికి లాగి లోపలికి పోయాడు, తాళం వెయ్యకుండా. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. వాడు అద్దం దించాడు. చల్లగాలి లోపలికి కొట్టింది.

మొదటి గుండు పేలింది. ఆ చప్పుడు కొండకు తగిలి తిరిగి వచ్చింది. కాసేపటికి రెండోది. ఒక్కొక్కరూ వరసలో ముందుకొచ్చి నిలబడ్డట్టు నాకు తెలుస్తూనే ఉంది, మధ్యలో ఆ నిశ్శబ్దాలను బట్టి. డెల్బర్ట్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకు చూస్తున్నాడు. చివరికి ఒక పెద్ద చప్పుడయింది, పాత రైఫిల్‌ది. తర్వాత ఏమీ లేదు. కాకులు మళ్ళీ చెట్ల మీద వాలాయి.

"అయిపోయినట్టుంది," అన్నాను.

"లేదు. పాతవాడిది ఇంకొకటుంది," అన్నాడు.

లోపల ఎవరూ కదల్లేదు. తలుపులు కొట్టుకోలేదు, మాటలు లేవు. ఇద్దరం వింటూ కూర్చున్నాం. ఎంతసేపో చెప్పలేను. తర్వాత ఎవరిదో కారు ఇంజను మోగింది, ఇంకొకటి మోగింది, మనుషులు గేటు వైపు రావడం మొదలుపెట్టారు. డెల్బర్ట్ అద్దం ఎత్తేశాడు.

వాణ్ణి వాడి ఇంటి ముందు దించాను. "గురువారం సూపు చేస్తాను," అన్నాను. వాడు కారు తలుపు పట్టుకుని నాకేసి వంగాడు.

"ఉత్తరాలు ఇక తేనక్కా," అన్నాడు. "వచ్చినవి వచ్చినట్టు పొయ్యిలో వేస్తాను."

కోపంగా అనలేదు. తలుపు కూడా మెల్లగానే వేశాడు. మెట్ల మీద ఒకచోట తూలి, రెయిలింగు పట్టుకుని, ఆగి, మళ్ళీ ఎక్కాడు. నేను కారులోనే ఉన్నాను. దీపం వేస్తాడేమోనని చూశాను. వెయ్యలేదు.